క్యాలెండర్ వలయమా, కథల పుస్తకమా? ఒకటో తరగతి ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో ఏది మేలు?

కెనడాలోని ఒంటారియోలో ఒకటో తరగతి ఫ్రెంచ్ ఇమ్మర్షన్ (ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడని పిల్లలకు బడి పాఠాలనే ఫ్రెంచ్‌లో చెప్పే పద్ధతి) పిల్లలకు పాఠాలు చెబుతున్న నన్ను సాటి ఉపాధ్యాయులూ, పిల్లల్ని ఇందులో చేర్చిన తెలుగు తల్లిదండ్రులూ ఏటా సెప్టెంబరులో అడిగే ప్రశ్న ఒక్కటే: తరగతిలో రోజూ చేయించే పనుల్లో దేనివల్ల ఫ్రెంచ్ నిజంగా వంటబడుతుంది? ఈ ఏడాది నేను ఉదయం క్యాలెండర్ ముందు గడిపే ఇరవై అయిదు నిమిషాలను పదికి తగ్గించి, మిగిలిన పదిహేను నిమిషాలనూ కథకు ఇచ్చాను. అందుకు నాకున్న కారణాలు ఇవి.

క్యాలెండర్ విలువ నాకు తెలుసు. ఇంట్లో ఫ్రెంచ్ ముక్క వినని ఆరేళ్ల బిడ్డకు మొదటి వారాల్లో ధైర్యమిచ్చేది అదే. రోజూ అదే చాప మీద వలయంగా కూర్చోవడం, వంతు వచ్చిన బిడ్డ కర్ర పట్టుకొని ‘ఓజుర్‌దుయ్, సె లండి’ అంటూ సోమవారాన్ని చూపించడం, కిటికీలోంచి చూసి వాతావరణం చెప్పడం ఒకే వరసలో సాగుతాయి కాబట్టి, తరువాత ఏం జరుగుతుందో ముందే తెలిసి బెరుకు పోతుంది. అయితే నవంబరు వచ్చాక ‘ఇల్ ఫే ఫ్రువా’ (చలిగా ఉంది), ‘ఇల్ నేజ్’ (మంచు కురుస్తోంది) అనే రెండు మాటలతోనే చలికాలమంతా గడిచిపోతుంది. పైగా ఇరవై మంది ఉన్న తరగతిలో రోజుకు ఒక్కరే సొంతంగా మాట్లాడతారు, తక్కినవారు వంత పాడతారు. ఒకసారి వంతు వచ్చిన బిడ్డకు మళ్లీ రావడానికి నాలుగు వారాలు పడుతుంది.

నా దృష్టిలో తేల్చేది ఈ లెక్కే: ఒక రోజులో ఒక్కో బిడ్డ ఎన్ని ఫ్రెంచ్ వాక్యాలను తానే కూర్చుకొని పలికింది? 1965లో మాంట్రియల్ పక్కనున్న సాఁ-లాంబేర్‌లో తల్లిదండ్రుల పట్టుదలతో మొదటి ఇమ్మర్షన్ తరగతి మొదలైన తరువాత జరిగిన అధ్యయనాల్లో, ఈ పిల్లలు వినడంలోనూ చదవడంలోనూ ఎంతో ముందుకు వెళ్లినా, మాట్లాడటంలోనూ రాయడంలోనూ వ్యాకరణం దగ్గర వెనుకబడుతున్నారని పదే పదే తేలింది. టొరంటోకు చెందిన భాషావేత్త మెరిల్ స్వేన్ 1985లో దీనికి కారణం చెబుతూ, అర్థమయ్యేలా వినిపించడం ఒక్కటే చాలదని, బిడ్డ తన భావాన్ని తానే మాటల్లో పెట్టవలసిన అవసరం రావాలని వాదించారు. ఒంటారియోలో ఎనిమిదో తరగతి ముగిసేలోగా ఇమ్మర్షన్ పిల్లలకు కనీసం 3,800 గంటల ఫ్రెంచ్ బోధన అందాలి. అన్ని గంటలూ విని నోరు విప్పని బిడ్డను తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

కథతో ఆ అవసరం సహజంగా వస్తుంది, కాకపోతే ఒకే పుస్తకాన్ని వారమంతా చదవాలి. సోమవారం నేను చేతులతో, ముఖంతో అభినయిస్తూ చదువుతాను, పిల్లలు వింటారు. మంగళ, బుధవారాల్లో వాక్యం చివర ఆగితే వాళ్లే పూర్తి చేస్తారు. గురువారం బొమ్మలు మాత్రమే ఇచ్చి ఇద్దరిద్దరిని కూర్చోబెడితే, ఒకరు చెబుతుంటే ఇంకొకరు బొమ్మను వేలితో చూపిస్తారు. శుక్రవారం కథలో ఒకదాన్ని మార్చమంటాను. పది జంటలు ఒకేసారి మాట్లాడుతుంటే గది సంతలా ఉంటుంది, అయినా ఆ పదిహేను నిమిషాల్లో ప్రతి బిడ్డా మాట్లాడుతుంది.

మొన్న ఒక గురువారం ఆకలేసిన ఎలుగుబంటి బొమ్మ చూపిస్తూ మన తెలుగు బిడ్డ ఒకతను ‘జ స్వి ఫాఁ’ అన్నాడు. ‘ఐ యామ్ హంగ్రీ’ అనే ఇంగ్లీషు వాక్యానికి ఫ్రెంచ్ మాటలు తొడిగితే వచ్చే తప్పు ఇది. ఫ్రెంచ్‌లో ఆకలి మనకు ‘ఉంటుంది’, కాబట్టి ‘జే ఫాఁ’ అనాలి. నేను తప్పని చెప్పకుండా, ఎలుగుబంటి గొంతుతో సరైన వాక్యాన్ని రెండుసార్లు పలికి, ఆ తరువాత అమ్మతో ఏమంటావని తెలుగులో అడిగాను. ‘నాకు ఆకలిగా ఉంది’ అన్నాడు, ఒక్క క్షణం ఆగాడు, బొమ్మ వైపు తిరిగి ‘జే ఫాఁ’ అన్నాడు. క్యాలెండర్ ముందు ఈ తప్పు దొర్లే సందర్భమే రాదు, కనుక దిద్దుకొనే అవకాశమూ రాదు.

అక్షరాలు కలిపి చదివించడం మూడో పని. ‘లా, లి, లో’ పట్టికను చూడగానే మనవాళ్లు ఇది గుణింతమే కదా అంటారు, అది నిజమే. అయితే తెలుగులో రాసింది రాసినట్టు పలుకుతాం, ఫ్రెంచ్‌లో ‘పెతీ’ అనే మాట చివర రాసే అక్షరం పలకదు, ‘ఓ’ అనే ఒక్క ధ్వనిని మూడు అక్షరాలతో కూడా రాస్తారు. కాబట్టి ముందు చెవికి పట్టిన మాటలనే ఈ పట్టికతో చదివించాలి, కొత్త మాటలతో మొదలుపెట్టకూడదు. ఇది తప్పనిసరి పని, కథకు పోటీ కాదు.

పాటలు ఉచ్చారణకు మంచివి, రోజుకు ఒకటి చాలు. ఆటల మూలలో పెద్దవాళ్లు పక్కన లేకపోతే పిల్లలు వెంటనే ఇంగ్లీషులోకి జారిపోతారు. వారాంతపు డిక్టేషన్ ఈ వయసుకు తొందరే.

ఫ్రెంచ్ రాదని దిగులుపడే తల్లిదండ్రులకు కథ ఇంకో మేలు చేస్తుంది. శుక్రవారం సంచిలో పంపే బొమ్మలు చూసి బిడ్డ అదే కథను ఇంట్లో తెలుగులో చెప్పవచ్చు. వరసగా చెప్పడం, ‘ఎందుకంటే’ అని కారణం కలపడం ఏ భాషలో అలవడినా సోమవారం నా తరగతిలో పనికొస్తుంది. తల్లిదండ్రులు యూట్యూబ్‌లో ఫ్రెంచ్ నేర్చుకొని పొరపాటు ఉచ్చారణతో చదివి వినిపించడం కంటే, అమ్మమ్మకు ఫోనులో ఆ కథ చెప్పించడమే నాకు ఇష్టం.

ఒక్క సందర్భంలో మాత్రం నేను క్యాలెండర్ వైపే మొగ్గుతాను. జనవరిలో వేరే బడి నుంచి కొత్తగా వచ్చి చేరిన బిడ్డను మొదటి మూడు వారాలు జంటలో కూర్చోబెట్టి కథ చెప్పమనను. రోజూ ఉదయం కర్ర ఆ చేతికే ఇస్తాను.