నాలుగేళ్ళు నడుముకు కట్టాక: లివర్ బెల్టు సంగతి

జిమ్ములో బరువులెత్తేటప్పుడు నడుముకు కట్టుకునే ఈ బెల్టును 2021 చివర్లో కొన్నాను. 10 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, నల్ల తోలు, ముందు బిగించడానికి స్టీలు లివరు, అంటే మీట. అప్పట్లో ఐదు వేలకు కాస్త తక్కువ పడింది. వారానికి మూడు రోజుల చొప్పున నాలుగేళ్ళు వాడాను. మధ్యలో ఒక నాలుగు నెలలు పక్కన పెట్టేశాను. ఎందుకో ముందు ముందు చెప్తాను.

నేనుండేది నెల్లూరు, వేదాయపాళెం వైపు. పని రైస్ మిల్లులో, లెక్కలు రాస్తాను. పార్సిల్ మిల్లుకే తెప్పించుకున్నాను. విప్పుతుంటే హమాలీలు చుట్టూ మూగారు. వాళ్ళలో ఒక పెద్దాయన బెల్టు తీసుకుని వంచబోయాడు. వంగలేదు. "ఎంతయింది సామీ?" అన్నాడు. చెప్పాను. "నా తుండు నూట ఇరవై. రెండేళ్ళు వస్తాది" అని నడుముకు బిగించిన దట్టీ తట్టి చూపించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ దట్టీ చేసే పనే ఈ బెల్టూ చేస్తుందని నాకు తెలిసేసరికి ఏడాది పైన పట్టింది.

కొత్తలో చెక్కముక్కలా ఉండేది. మొదటి నెలంతా పక్కటెముకల కింద, తుంటి ఎముక మీద కమిలిపోయేది. రోజూ రాత్రి టీవీ ముందు కూర్చుని చాప చుట్టినట్టు చుట్టడం, విప్పడం, తిరగేసి మళ్ళీ చుట్టడం. ఆరు వారాలకు దారికొచ్చింది. 13 మిల్లీమీటర్లది కూడా దొరుకుతుంది, అంతర్జాతీయ పోటీల నిబంధనల్లో అంతవరకూ ఒప్పుకుంటారు. 82 కేజీలున్న నాకు 10 సరిపోయింది.

ఇక ఆ నాలుగు నెలల సంగతి. బెల్టంటే నడుముకు కాపలా అనుకున్నాను. బిగుతు ప్యాంటు తొడిగేటప్పుడు పొట్ట లోపలికి లాగుతాం చూడండి, అలా లాగి లివరు నొక్కేవాణ్ణి. వార్మప్‌కి ఖాళీ రాడ్డు ఎత్తినా బెల్టు ఉండాల్సిందే. అప్పుడు వెళ్తున్న జిమ్ములో ట్రైనరు కూడా "బెల్టుందిగా అన్నా, ఇంకో ఇరవై వేద్దాం" అనేవాడు. తప్పంతా అతనిదే అనను, ప్లేట్లు వేసింది నా చేతులే. 150 కేజీల డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా లేవడం) మూడోసారి ఎత్తుతుంటే నడుము కింద ఎడమ పక్క చురుక్కుమంది. రాడ్డు వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. రెండు రోజులు చెప్పులు వేసుకోవడానికి కూడా వంగలేకపోయాను. డాక్టరు కండరం పట్టేసిందని చెప్పి, బరువులు ఆపమన్నారు.

తర్వాత జిమ్ము మారాను. అక్కడి మాస్టారు నా బెల్టు తీసి బీరువాలో పెట్టేశారు. నడుముకు రెండు పక్కలా చేతులు పెట్టుకుని, బొటనవేళ్ళు వెనక్కి, మిగతావి ముందుకు ఉంచి ఊపిరి పీల్చమన్నారు. నాకు ఛాతీ లేస్తోంది తప్ప వేళ్ళు కదల్లేదు. ముందూ వెనకా అన్ని వేళ్ళూ బయటికి నెట్టినట్టయ్యేదాకా మూడు వారాలు ఇదే పని. మిల్లులో కుర్చీలో కూర్చుని కూడా చేసేవాణ్ణి.

అప్పుడు మా గోడౌనే గుర్తొచ్చింది. సగం నిండిన బస్తాను నిలబెడితే నడిమికి మడతపడుతుంది. నిండా పోసి మూతి బిగించి కుట్టింది నిటారుగా నిలబడుతుంది. ఊపిరి పీల్చి బిగబట్టి పొట్ట కండరాలు బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి, వెన్ను మడతపడకుండా నిలుస్తుంది. ఆ పొట్ట ఒత్తడానికి చుట్టూ ఒక గోడ కావాలి, బెల్టు ఆ గోడ. గాలి పీల్చకుండా బెల్టు ఒక్కటే బిగిస్తే లోపల ఖాళీ సంచే.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పొట్ట వదులుగా ఉన్నప్పుడు బెల్టులో ఒక వేలు దూరాలి. స్క్వాట్‌లో (భుజాల మీద రాడ్డుతో గుంజీలా కూర్చుని లేవడం) పైన నిలబడే గాలి తీసుకుని, పొట్టతో బెల్టును నాలుగు వైపులా నెట్టి, బిగబట్టి దిగుతాను. పైకొచ్చేటప్పుడు కష్టమైన చోటు దాటాకే వదులుతాను. డెడ్‌లిఫ్ట్‌కి బెల్టు అంగుళం పైకి జరుపుతాను, లేకపోతే వంగినప్పుడు తుంటి మీద గుచ్చుకుంటుంది. 120 కేజీల లోపు బెల్టు ముట్టుకోను. ఇలా ఊపిరి బిగబట్టినప్పుడు ఆ కాసేపూ బీపీ బాగా పెరుగుతుంది. బీపీ, హెర్నియా ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. మా అన్నకు బీపీ ఉంది, ఎంత అడిగినా బెల్టు ఇవ్వలేదు.

బెల్టు వల్ల ఎంత పెరిగిందని చాలామంది అడుగుతుంటారు. ఈ మధ్య చూసుకుంటే స్క్వాట్ బెల్టు లేకుండా 150, బెల్టుతో 160. ఆ పది కేజీలే బెల్టువి. నాలుగేళ్ళ కిందట 110 దగ్గరున్నవాణ్ణి ఇంతదాకా రావడం తిండి వల్ల, నిద్ర వల్ల, మాస్టారు తిట్ల వల్ల.

మన ఊరి వాతావరణం బెల్టుకు శత్రువు. మే నెలలో చెమటకు రంగు దిగి నా తెల్ల బనియన్లన్నీ నడుము దగ్గర బూడిద రంగయ్యాయి. ఇంట్లో చీవాట్లు. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు, నవంబరుల్లో కదా, మొదటి ఏడాది ఆ రోజుల్లో బ్యాగులోనే వదిలేస్తే వారానికి తెల్లగా బూజు పట్టింది. అప్పట్నుంచి పొడిగుడ్డతో తుడిచి, ఎండ తగలకుండా, ఫ్యాను గాలికి కొక్కేనికి తగిలిస్తున్నాను. తోలు ఎక్కడా పగల్లేదు, కుట్టు ఊడలేదు.

లివరుతోనే పేచీ. ఒక్క నొక్కుకి ఊడిపోతుంది, బరువైన సెట్ అయ్యాక ఆ సుఖం చెప్పలేను. కానీ స్క్రూలు వదులవుతాయి. ఒకటి జిమ్ములో ఎక్కడో పడిపోయింది, హార్డ్‌వేర్ షాపులో వెతికి వేరేది వేయించాను. మా ఆవిడ గోళ్ళ రంగు చుక్క పెట్టి బిగించాక మళ్ళీ కదల్లేదు. ఎర్ర చుక్క చూసి పిల్లలు బొట్టు పెట్టావా అంటారు.

ఇంకో బాధ, ఒక బెజ్జం మార్చాలన్నా స్క్రూడ్రైవర్ కావాలి. సంక్రాంతికి అరిసెలు తిని వచ్చిన వారం లివరు పడదు. స్క్వాట్‌కి ఒక బెజ్జం, డెడ్‌లిఫ్ట్‌కి ఇంకోటి కావాలనుకునేవాళ్ళకు ఇది నరకం. మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే మందంలో, మామూలు బకిలు ఉన్నది ఒంటి సూదితో తీసుకుంటాను.