పీఆర్‌యూతో మూడేళ్లు: బీగల్‌బోన్ బ్లాక్ సమీక్ష

నల్లగొండలో మా ఇంటి వెనక గదిలో ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టే) యంత్రం నమూనా ఒకటి ఉంది. అసలు ఆసు యంత్రాన్ని చింతకింది మల్లేశం 1999లోనే చేసిపెట్టారు. నాది కేవలం నేర్చుకోవడానికి కట్టుకున్నది. దాని స్టెప్పర్ మోటారును (ఒక్కో పల్సుకు ఒక్కో అడుగు తిరిగేది) మూడేళ్లుగా బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు నడుపుతోంది.

మొదట పైథాన్‌తో, బోర్డు మీది ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ నుంచే పల్సులు పంపాను. అదే సమయంలో ఏదైనా ఫైలు కాపీ అవుతుంటే మోటారు ఒకసారి మూలిగి, రెండు అడుగులు మింగేసేది. దారం పక్క మేకుకు పడేది. ఆ తప్పు చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టేటప్పుడు గానీ బయటపడదు.

ఆ బెడద పీఆర్‌యూతో పోయింది. చిప్‌లో ప్రధాన ప్రాసెసర్ పక్కనే 200 మెగాహెర్ట్జ్‌తో నడిచే చిన్న ప్రాసెసర్లు రెండున్నాయి, వీటినే పీఆర్‌యూ అంటారు. లినక్స్ ఎంత తడబడినా వీటికి పట్టదు. రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గళ్ల) మీద ఒక్కో ఆదేశానికి 5 నానోసెకన్లు, అంతే. మొదటి పీఆర్‌యూలోని ఆర్30 రిజిస్టర్‌లో 5వ బిట్టు మారిస్తే పీ9 వరుసలోని 27వ పిన్ను మారుతుంది.

నా ప్రోగ్రాము పట్టుమని పదిహేను వరుసలు లేదు, కానీ అది కదలడానికి మూడు వారాలు పట్టింది. లినక్స్ నుంచి పీఆర్‌యూను నడిపించడానికి నేను చదివిన పాత పాఠాలన్నీ యూఐఓ అనే పద్ధతివి, నా లినక్స్ కెర్నల్‌లో ఉన్నది రిమోట్‌ప్రాక్ అనే మరో పద్ధతి. రిసోర్స్ టేబుల్ (ప్రోగ్రాముకు ఏ వనరులు కావాలో చెప్పే పట్టిక) లేదని ఫర్మ్‌వేర్, అంటే పీఆర్‌యూ ప్రోగ్రాము, ఎక్కనే లేదు. ఎక్కాక పిన్ను ఉలకలేదు, పలకలేదు. మల్టీమీటరుతో ఒక సాయంత్రమంతా గడిపాక తెలిసింది, కాన్ఫిగ్-పిన్ అనే కమాండుతో దాన్ని పీఆర్‌యూ అవుట్‌పుట్‌గా మార్చడం మరిచానని. ఆలస్యం కోసం వాడే డిలే సైకిల్స్ ఫంక్షన్ స్థిరసంఖ్యనే తీసుకుంటుందన్నది మరో మెలిక. మోటారు వేగం మార్చాలంటే లూపు మనమే రాసుకోవాలి.

ఆదేశాలకు ఉన్న చోటు 8 కిలోబైట్లే. తప్పు వెతకడానికి తెరమీద అక్షరం పడదు. నేను ఖాళీ పిన్నుకు ఎల్ఈడీ పెట్టుకున్నాను. పిన్నులు 3.3 వోల్టులవి. లిమిట్ స్విచ్ (కదలిక హద్దు చేరిందని చెప్పే స్విచ్) నుంచి 5 వోల్టులు తగిలించి ఒక బోర్డును నేనే కాల్చుకున్నాను.

ఒక్క మోటారు తిప్పడమే పనైతే ఇది కొనకండి, పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు, చవక కూడా. డిజైన్ ఫైళ్లు, ఫోనులో తెరిచే పేజీ, సమయం తప్పని పల్సులు అన్నీ ఒకే బోర్డులో కావాలంటే మాత్రం నేను మళ్లీ దీన్నే కొంటాను.

కరెంటు పోతే చివరి అడుగు ఎక్కడ ఆగిందో పీఆర్‌యూకు గుర్తుండదు. ఇప్పటికీ మోటారును చేత్తోనే మొదటి మేకు దాకా తిప్పి పెడుతున్నాను.