మెట్ల కింద రేసు టైర్లు, కారుకు రోడ్డు టైర్లు: నాలుగేళ్ల ట్రాక్ అనుభవం

మా ఇంటి మెట్ల కింద నాలుగు రేసు టైర్లు రొయ్యల మేత సంచుల్లో చుట్టి ఉన్నాయి. కొన్న రోజు వాటిని హాల్లో వరసగా నిలబెట్టి ఫొటో తీసుకున్నాను. ఇప్పుడు చీపురు కోసం వంగిన ప్రతిసారీ మా ఆవిడ వాటికి ఒక మాట, నాకు ఒక మాట తగిలిస్తుంది. ట్రాక్ మీద కారు నడపాలని సరదా పడే కుర్రవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న టైర్ల గురించే. రేసు టైర్లు కొనాలా, మంచి రోడ్డు టైర్లతో సరిపెట్టుకోవచ్చా అని. నాలుగేళ్లు రెండూ వాడాను కాబట్టి చెబుతున్నాను. మెట్ల కింది టైర్లలో లోపమేమీ లేదు. వాటిని వాడే చేయి నాకింకా రాని రోజుల్లో కొన్నాను, అంతే.

నెల్లూరులో రొయ్యల మేత వ్యాపారం నాది. వారమంతా ముత్తుకూరు, ఇందుకూరుపేట చెరువుల గట్ల మీద తిరిగే కారే ట్రాక్‌కూ వస్తుంది. పదేళ్లు దాటిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 15 అంగుళాల రిమ్ములు, ఇంజిన్ బలమంతా ముందు చక్రాలకే. బ్రేకులకు ఏబీఎస్ ఉంది గాని, కారు జారితే పట్టి నిలబెట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటేదీ లేదు. మనకు దగ్గరి ట్రాక్ శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 1990లో మొదలైంది, చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. నెల్లూరు నుంచి రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరి, సూళ్లూరుపేటలో టీ తాగి, తడ దాటి వెళ్తే గేటు తెరిచే వేళకు అక్కడుంటాను. ఇప్పటికి చాలా సార్లు వెళ్లాను.

మా ఒంగోలు బావ మాత్రం "అంత దూరం ఎందుకు బావా? కొరిశపాడు దగ్గర విమానాలు దిగడానికి హైవేనే రన్‌వే చేశారుగా, అక్కడే తొక్కేయరాదా?" అంటాడు. జనం తిరిగే హైవే మీద అలాంటి పని చేయకూడదన్నది ఒక మాట. తిన్నగా పోయే రోడ్డు టైరు గురించి ఏమీ చెప్పదన్నది ఇంకో మాట. దాని గుణం మలుపులోనే బయటపడుతుంది.

మొదటి రెండు సార్లు కారుతో వచ్చిన 185/60 ఆర్15 సైజు టైర్లతోనే వెళ్లాను. మైలేజీ కోసం చేసిన గట్టి రబ్బరు. మూడో చుట్టుకే ప్రతి మలుపులోనూ కీచుమంటూ అరిచాయి. ఇంటికి వచ్చాక చూస్తే ఎడమ ముందు టైరు భుజం మీద, అంటే నేలను తాకే భాగం పక్కగోడను కలిసే అంచున, రబ్బరు పెచ్చులు లేచి ఉంది. ఆటోనగర్‌లో అలైన్‌మెంట్ చేసే కుర్రాడు దాని మీద చేయి వేసి, "ఏం సార్, కారును పక్కకు ఈడ్చారా?" అన్నాడు. తప్పుగా అనలేదు. నా చుట్టు సమయం 2 నిమిషాల 19 సెకన్లు.

తర్వాత 195/55 ఆర్15 సైజులో వేగానికి, మలుపులకు తగిన మెత్తటి రోడ్డు టైర్లు వేయించాను. చక్రం మొత్తం ఎత్తు పాతదానికన్నా ఒక శాతం దాకా తగ్గుతుంది. స్పీడోమీటరు లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాదు. టైరు పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అంకె 240 ఉంది. ఇది అమెరికా నిబంధనల ప్రకారం వేసే అరుగుదల అంకె. 100 అన్నది ప్రమాణ టైరు. అంకె పెరిగేకొద్దీ టైరు నిదానంగా అరుగుతుంది, సాధారణంగా పట్టు తగ్గుతుంది. కాకపోతే ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే వేసుకుంటుంది. ఒక కంపెనీ 240నీ, ఇంకో కంపెనీ 300నీ పక్కపక్కన పెట్టి తేల్చకండి. ఒకే కంపెనీ టైర్లలో మాత్రం ఉపయోగపడుతుంది. రేసు రబ్బరుకు ఇది చాలా తక్కువ ఉంటుంది. రోడ్డు మీదా నడపగల సగం రేసు టైర్లలో పేరున్న టోయో ఆర్888ఆర్‌కు ఆ అంకె 100.

ఈ రోడ్డు టైర్ల గురించే ఎక్కువ చెప్పాలి, నడపడం నేర్పింది ఇవే మరి. శిక్షణకు పక్కన కూర్చున్నాయన చెన్నైవారు, తెలుగు బాగా వచ్చు. మొదటి రోజే ఒక మాటన్నారు. "టైరును పాడనివ్వండి సార్, ఏడవనివ్వకండి." నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. పట్టు అంచుకు వచ్చేటప్పుడు రోడ్డు టైరు సన్నగా, ఒకే శ్రుతిలో కూస్తుంది. అది దాటితే గొంతు బొంగురుపోతుంది, స్టీరింగ్ తేలికవుతుంది, ముక్కు మలుపు బయటికి పోతుంది. ఇదంతా ఒక్కసారిగా జరగదు. పాదం కాస్త వెనక్కు తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మా రొయ్యల రైతులకైతే ఒక్క మాటలో చెబుతాను. ఇది చెక్ ట్రే లాంటిది. మేత వేసిన రెండు గంటలకు ట్రే పైకి లాగి చూస్తే, మిగిలిన మేతను బట్టి చెరువులో ఏదో తేడా ఉందని ముందే తెలుస్తుంది. రేసు టైరు ట్రే లేని చెరువు. తెల్లారి రొయ్యలు తేలాకే సంగతి తెలుస్తుంది.

చెవికి తోడు కంటికీ ఒక ఆధారం ఉండాలి. బూట్లకు పూసే తెల్ల పాలిష్‌తో నాలుగు టైర్ల భుజం మీద అడ్డంగా గీతలు గీస్తాను. ఇరవై నిమిషాల తర్వాత లోపలికి వచ్చి చూస్తే గీత ఎంతవరకు చెరిగిందో కనబడుతుంది. పక్కగోడ మీదికి కూడా చెరిగితే టైరు మడత పడుతోందని, గాలి తక్కువైందని అర్థం. భుజం దాకా చెరగకపోతే గాలి ఎక్కువ. నా కారుకు చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్ఐ పెడితే, వేడెక్కాక 39కి చేరుతుంది. అప్పుడు కొంచెం వదిలి 36 దగ్గర ఉంచుతాను. ఎవరి కారుకు, ఎవరి బరువుకు తగ్గట్టు వారు చూసుకోవాలి. ఒకటి మాత్రం మరవకండి. వేడిలో వదిలిన గాలి చల్లబడ్డాక లోటుగా తేలుతుంది. ఒకసారి అలాగే ఇంటికి బయలుదేరాను. తడ దగ్గర పెట్రోలు బంకులో చూస్తే 27 ఉంది. లగేజీతో, వంద దాటిన వేగంతో అప్పటికే సగం దూరం వచ్చేశాను. ఆ రోజు నుంచి బంకు గేజీని నమ్మక, సొంత గేజీ డ్యాష్‌బోర్డులోనే పెట్టుకున్నాను.

రోడ్డు టైర్ల కష్టం కూడా చెప్పాలి. నాలుగైదు చుట్లు గట్టిగా తిప్పితే రబ్బరు వేడెక్కి జిడ్డు పూసినట్టు జారుతుంది. ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి చల్లార్చాలి. కొత్త టైరుకు ఇది మరీ ఎక్కువ. ఎనిమిది మిల్లీమీటర్ల లోతు గాడుల మధ్య రబ్బరు దిమ్మెలు అటూ ఇటూ ఊగి వేడెక్కుతాయి, ముక్కలు ఊడతాయి. అదే టైరు సగం అరిగాక పొడి ట్రాక్ మీద చాలా నిలకడగా ఉంటుంది. అందుకే కొత్త టైర్లను ముందు చెరువుల చుట్టూ పన్నెండు, పదమూడు వేల కిలోమీటర్లు తిప్పుతాను, ఆ తర్వాతే ట్రాక్. సర్క్యూట్ గడియారం ముల్లు తిరిగే దిశలో ఉంటుంది. కారు బరువు ఎక్కువగా ఎడమవైపు పడి, ఎడమ ముందు టైరు అందరికన్నా ముందు అరుగుతుంది. రెండు ట్రిప్పులకోసారి ముందువి వెనక్కు మార్చుకోవాలి. ఇలా చూసుకుంటూ వాడితే, మొదటి జతతోనే ఎనిమిది ట్రిప్పుల్లో 2 నిమిషాల 11 సెకన్లకు వచ్చాను.

అక్కడితో ఊరుకోవలసింది. 2023లో కోయంబత్తూరులో ఒకాయన దగ్గర వాడిన రేసు టైర్లు చవకగా దొరికాయి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి ప్రభుత్వ అనుమతి ఉండాలన్న నియమం వచ్చాక విదేశీ రకాలు సులువుగా దొరకడం తగ్గింది. దొరికిందే చాలనుకున్నాను. పైన రబ్బరు బోలెడు ఉంది. పక్కన 3519 అన్న అంకె మాత్రం తర్వాత చూశాను. 2019లో 35వ వారంలో తయారైనదన్న మాట. రేసు రబ్బరు అరిగే పాడవ్వాలని లేదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంత గట్టిపడుతుంది. గోరు గుచ్చి చూస్తే దిగాలి. నావాటిలో అంచుల దగ్గర దిగలేదు.

ఇవి రోడ్డు మీద నడపడానికి పనికిరావు. వేరే రిమ్ములకు ఎక్కించి, రెండు డిక్కీలో, రెండు వెనక సీట్లో వేసుకుని వెళ్లాలి. మేత వాసనా, రబ్బరు వాసనా కలిసి రెడ్‌హిల్స్ చేరేలోపు తలనొప్పి పట్టుకుంటుంది. అక్కడ ఎండలో జాకీ పెట్టి నాలుగూ మార్చి, టార్క్ రెంచితో నట్లు సరిచూసేసరికి యాభై నిమిషాలు. సాయంత్రం మళ్లీ అంతే. అలా మార్చుకుంటూ ఒకసారి మొదటి సెషన్ పోగొట్టుకున్నాను.

అసలు పాఠం డిసెంబరులో ఒక ఉదయం. రేసు రబ్బరుకు బాగా వేడెక్కితేనే పట్టు. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజిన్ బలమూ, బ్రేకులూ, మలుపులూ అన్నీ ముందు టైర్ల మీదే పడతాయి. అవి ఒకటిన్నర చుట్టుకే వేడెక్కాయి. వెనకవి చల్లగానే ఉన్నాయి. స్టీరింగ్ గట్టిగా తగులుతుంటే అన్నీ సిద్ధమనుకున్నాను. రెండో చుట్టులో వేగమైన మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలాను. బరువు ముందుకు వచ్చింది, వెనక భాగం తేలికై చప్పుడు లేకుండా బయటికి వెళ్లిపోయింది. కూత లేదు, హెచ్చరిక లేదు. అద్దంలో ఉండాల్సిన ట్రాక్ ముందు కనబడింది. గడ్డిలో ఆగాను. వెనక కారు దూరంగా ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. శిక్షకుడు వచ్చి గడ్డి దులుపుతూ, "ఐదో చుట్టులో ఈ టైరు దేవుడు సార్. రెండో చుట్టులో రాయి" అన్నారు.

వేడెక్కాక నిజంగానే దేవుడు. బ్రేకు ఇంకా ఆలస్యంగా తొక్కవచ్చు, మలుపులో తల పక్కకు వంగిపోతుంది. 2 నిమిషాల 6 సెకన్లు తిప్పాను. వారం రోజులు కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

నాలుగు ట్రిప్పుల తర్వాత ఐదో దానికి వెళ్తే అక్టోబరులో వాన. నున్నటి రేసు టైర్లు నీటిలో నడిచే ప్రశ్నే లేదు. రోడ్డు టైర్లతోనే నడిపాను. మధ్యాహ్నం ట్రాక్ ఆరింది. పాత టైర్లే, పాత కారే, 2 నిమిషాల 11 తిప్పిన నేనే. వచ్చింది 2 నిమిషాల 14. ఎంత తంటాలు పడినా 13 కిందికి దిగలేదు. పక్కన కూర్చున్న శిక్షకుడు కారణం చెప్పారు. మలుపులోకి మరీ వేగంగా దిగుతున్నాను, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పుతున్నాను, బ్రేకు కుమ్మి వదిలేస్తున్నాను. రేసు టైర్లు ఆ తప్పులన్నీ దిగమింగి నాకు మంచి సమయమే చూపించాయి. ఏడాదిలో నేర్చుకున్నదాన్ని నాలుగు ట్రిప్పుల్లో పాడు చేసుకున్నాను. తిరిగి 11కు రావడానికి ఇంకో రెండు ట్రిప్పులు పట్టింది.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. పట్టు పెరిగితే ఆ భారమంతా కారే మోస్తుంది. ఆ ఏడాదే ఎడమ ముందు చక్రం బేరింగ్ హోరుమనడం మొదలైంది. బ్రేకు ప్యాడ్లు సగం కాలానికే అయిపోయాయి. ఒకసారి బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడింది. చవకగా వచ్చాయనుకున్న టైర్లు అలా మిగిలిన లెక్క రాబట్టుకున్నాయి.

రేసు టైర్లు ఎవరికి? ఒకే సెషన్‌లో వరసగా ఐదారు చుట్లు అర సెకను తేడాలో తిప్పగలిగిన వారికి, ఆ టైర్లతో రోడ్డు టైరుకన్నా ఎంత ముందున్నారో లెక్క చెప్పుకోగలిగిన వారికి. బ్రేకులూ బేరింగులూ ముందే సిద్ధం చేసుకుని, జాకీ పట్టే మనిషిని వెంట తెచ్చుకునే వారికి. నేను వరసగా మూడు చుట్లు అలా తిప్పగలను, నాలుగోది ఎప్పుడూ చెడుతుంది. కాబట్టి సంచులు ఇంకా విప్పలేదు. విప్పే రోజు వచ్చేసరికి ఆ రబ్బరు ఎలాగూ పనికిరాదని నాకూ తెలుసు, ఆ ముక్క మా ఆవిడకు చెప్పలేదు.

ఇప్పుడు కారుకు ఉన్నది అదే 195/55 రకం రెండో జత. ఎడమ ముందు టైరులో మూడు మిల్లీమీటర్ల గాడి మిగిలింది. చట్టం 1.6 వరకు ఒప్పుకుంటుంది గాని, కార్తీకంలో సూళ్లూరుపేట దాటాక రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు చట్టం వచ్చి బ్రేకు తొక్కదు. దీపావళిలోపు మళ్లీ అదే సైజు, అదే రకం వేయించాలి. ఆటోనగర్ షాపులో చెప్పి ఉంచాను. ఈసారి తయారీ వారం చూశాకే డబ్బు ఇస్తానని కూడా చెప్పాను.