క్లౌడ్ నిఘా సేవ కొనే ముందు లాగ్‌లు తెరిపించి చూడండి: పర్లాకిమిడి నుంచి ఒక హెచ్చరిక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో ఆఫీసు మెయిళ్లను మైక్రోసాఫ్ట్ 365లో నడుపుకుంటున్న తెలుగు వ్యాపారుల కోసం ఇది రాస్తున్నాను. "మీ ఖాతాల్లోకి ఎవరు లాగిన్ అవుతున్నారో రాత్రింబవళ్లు మేము కనిపెట్టి ఉంటాం" అని మన ఊళ్లలో తిరుగుతున్న ఒక సంస్థకు మేము ఏడాది రుసుము 72,000 రూపాయలు ముందుగానే కట్టి నష్టపోయాం. ఇంకెవరూ అలా కట్టకూడదని నా కోరిక.

మాది గజపతి జిల్లాలో జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు పంపే చిన్న వ్యాపారం. మాకు ఆరు మెయిల్ ఖాతాలు ఉన్నాయి. మొన్న సీజన్ నడుమ, మా అకౌంటెంట్ ఖాతా నుంచే మా సరుకు కొనే ఒక పాత కొనుగోలుదారుకు "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వెళ్లింది. ఎన్నో ఏళ్లుగా ఉత్తరప్రత్యుత్తరాలు నడిచిన చిరునామా కాబట్టి, ఫోన్ చేసి అడగాలని వారికి తోచక 3,84,000 రూపాయలు ఆ కొత్త ఖాతాకు వేశారు. పన్నెండు రోజుల తర్వాత బాకీ అడగడానికి మేము ఫోన్ చేసినప్పుడు గాని విషయం బయటపడలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అప్పుడే ఫిర్యాదు చేశాం, కానీ అప్పటికే డబ్బు ఆ ఖాతా దాటిపోయింది.

ఆ నెల నిఘా సంస్థ పంపిన నివేదికలో ఆరు ఖాతాల పక్కనా పచ్చని టిక్కులే ఉన్నాయి. గట్టిగా నిలదీస్తే, సైన్-ఇన్ లాగ్‌లు (ఎవరు, ఎప్పుడు లాగిన్ అయ్యారో చెప్పే నమోదులు) ఏడు రోజులే ఉంటాయని, ఇక చూడటానికి ఏమీ మిగలలేదని చెప్పారు. ఏడు రోజుల మాట నిజమే. మాది బిజినెస్ బేసిక్ ప్లాన్, అందులో ఎంట్రా (లాగిన్‌లను చూసుకునే మైక్రోసాఫ్ట్ సేవ) సైన్-ఇన్ లాగ్‌లు అంతవరకే నిలుస్తాయి. ఎంట్రాలో పీ1 అనే పై స్థాయి ఉన్న ప్లాన్‌లో అయితే 30 రోజులు ఉంటాయి. అయితే ఆ లాగ్‌లను ఎప్పటికప్పుడు దింపి వేరే చోట భద్రపరచడానికే కదా మేము వారికి డబ్బు కట్టింది! వారు ఒక్క రోజు లాగ్ కూడా దాచలేదు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని స్పష్టంగా ఉంది.

విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, ఖాతాల్లో జరిగిన పనులన్నీ నమోదయ్యే మైక్రోసాఫ్ట్ పర్వ్యూ ఆడిట్ లాగ్ తెరిచి చూపించాడు. అది 180 రోజులు ఉంటుంది, అందులో సైన్-ఇన్ లాగ్‌లో ఉన్నన్ని వివరాలు లేకపోయినా లాగిన్‌లు కూడా నమోదవుతాయి. డబ్బు పోవడానికి నాలుగు రోజుల ముందు, 20:47కు అకౌంటెంట్ ఖాతాలోకి ఒక లాగిన్ ఉంది. ఆరు నిమిషాల తర్వాత ఇన్‌బాక్స్‌లో కొత్త రూల్ ఒకటి తయారైంది. దాని పేరు కేవలం ఒక చుక్క. 'ఇన్‌వాయిస్', 'పేమెంట్' అనే మాటలున్న మెయిళ్లన్నిటినీ, ఎవరూ తెరిచి చూడని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లోకి నెట్టడమే దాని పని. కాబట్టే ఆ కొనుగోలుదారు పంపిన జవాబులు మా వాళ్ల కంటపడలేదు.

ఈ వరుస చూపిస్తే నిఘా సంస్థ మనిషి ఇచ్చిన సమాధానం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది: "రాత్రి ఎనిమిది ముప్పావుకు మీ అకౌంటెంటే పని చేసి ఉంటారు." ఆడిట్ లాగ్‌లోని సమయం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మన సమయం కోసం దానికి అయిదున్నర గంటలు కలిపితే తెల్లవారుజామున 2:17 అవుతుంది. లాగ్‌లు చదవడమే వృత్తిగా చెప్పుకొనే వారికి ఈ మాత్రం తెలియకపోవడం క్షమించరానిదని నేను అనుకుంటున్నాను.

మరో విషయం కూడా అప్పుడే తెలిసింది. సరిహద్దులో ఉన్నాం కాబట్టి మేము ఒడిశా సిమ్ములూ, పాతపట్నంలో తీసుకున్న ఆంధ్రా సిమ్ములూ రెండూ వాడతాం. అందువల్ల మా సొంత లాగిన్‌లే ఒక పూట కోల్‌కతాగా, ఒక పూట హైదరాబాద్‌గా కనిపిస్తాయి. హెచ్చరికలు ఎక్కువగా వస్తున్నాయని వారు మాకు చెప్పకుండానే ప్రాంతాన్ని బట్టి వచ్చే హెచ్చరికలన్నీ ఆపేశారు. ఊరి పేరు ఒక్కటే నమ్మదగింది కాకపోతే, పరికరమూ, యాప్, వేళ, ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే సంఖ్య) ఏ కంపెనీది అన్నవి కలిపి చూడాలి. ఆ రాత్రి లాగిన్ ఫోన్ కంపెనీ చిరునామా నుంచి రాలేదు, సర్వర్లు అద్దెకిచ్చే ఒక కంపెనీ చిరునామా నుంచి వచ్చింది. ఆ ఒక్క సంగతి గమనించి ఉంటే చేతిలో నాలుగు రోజుల గడువు ఉండేది.

మోసం బయటపడ్డాక నిఘా సంస్థ వారు వెంటనే పాస్‌వర్డ్ మార్చి పని అయిపోయిందన్నారు. అప్పటికే తెరుచుకున్న సెషన్‌లన్నిటినీ రద్దు చేయడం, ఆ రూల్‌ను తీసేయడం, ఏ బయటి యాప్‌కైనా అనుమతి ఇచ్చి ఉన్నామా అని వెతకడం మా మేనల్లుడే చేశాడు.

మీ దగ్గరికి ఇలాంటి వారు వస్తే, సంతకం పెట్టే ముందు మీ ఎదుటే కిందటి వారం లాగిన్‌లు తెరిపించి, అర్ధరాత్రి దాటాక వచ్చిన ఒకదాన్ని వివరించమనండి. పాత లాగ్‌లు ఎక్కడ, ఎన్ని రోజులు ఉంచుతారో ఒప్పందంలో రాయించుకోండి. ఇప్పటికే చేరిన వారు అడ్మిన్ ఖాతాల జాబితా ఈ రోజే చూడండి. మేము ఒప్పందం రద్దు చేసిన మూడు వారాల తర్వాత కూడా ఆ సంస్థ పేరిట అన్ని అధికారాలూ ఉండే ఒక గ్లోబల్ అడ్మిన్ ఖాతా, పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో ధ్రువీకరణ లేకుండా, మా దగ్గర అలాగే ఉంది.