ఇంగ్లండ్ చలికాలపు చేపల పోటీకి ఏ సరంజామా పనికొస్తుంది: ఆరు శీతాకాలాల వాడకం తర్వాత

13 మీటర్ల కార్బన్ పోల్ (ముక్కలు ముక్కలుగా అతికే, రీల్ లేని గాలపు కర్ర) కన్నా, ఎర వేయడానికి దాని కొసకు తగిలించే చిల్లుల మూత గిన్నె నాకు ఎక్కువ చేపల్ని తెచ్చిపెట్టింది. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో చేపల్ని వదిలి పెంచే చెరువుల మీద నవంబరు నుంచి మార్చి దాకా జరిగే పోటీల్లో ఆరు శీతాకాలాలుగా దాదాపు ఇదే సరంజామా వాడుతున్నాను. ఖరీదు చూసి కొన్నవాటిలో సగం జూన్ నెలకు పనికొచ్చేవి. జనవరిలో అక్కరకొచ్చినవి చాలామటుకు చిన్నవి, చవకవి.

ఈ పోటీలు చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. చెరువులో ప్రధానంగా ఉండేది కార్ప్, అంటే మన దగ్గర బంగారుతీగ అనే చేప. దానితోపాటు కార్ప్‌కూ, క్రూషన్ అనే ఇంకో కార్ప్ రకానికీ పుట్టిన ఎఫ్‌వన్ అనే సంకరజాతి, రోచ్, చిన్న బ్రీమ్, పెర్చ్ ఉంటాయి. పొద్దున్న చీటీ తీస్తే ఏ నంబరు పెగ్ (గట్టు మీద కేటాయించిన చోటు) వస్తే అక్కడే కూర్చోవాలి. సాధారణంగా పదింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది; డిసెంబరులో నాలుగు కొట్టేసరికి పొద్దు గూకుతుంది కాబట్టి అంతకుమించి సాగదీయలేరు. పట్టిన చేపను పొడవాటి కీప్‌నెట్‌లో బతికుంచి, చివర తూచి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ముల్లు లేని గాలాలే వాడాలన్నది దాదాపు ప్రతి చెరువులోనూ ఉన్న నియమం. 13 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకూ రాడ్ లైసెన్స్ ఉండాలి.

చలికాలంలో వచ్చే తేడా అంతా చేప కడుపులో ఉంది. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు 4, 5 డిగ్రీలకు దిగితే అరుగుదల దాదాపు ఆగిపోతుంది. చేపలు గుంపుగా ఒకచోట చేరి కదలకుండా ఉంటాయి. వేసవిలో గుప్పెడు ఎర వేస్తే ఇంకా కావాలని వస్తాయి. జనవరిలో అదే గుప్పెడు వేస్తే ఆ పెగ్ ఆ రోజుకు అయిపోయినట్టే. ఎక్కువైన ఎరను మళ్ళీ పైకి తీయలేం. సరంజామా మీద నేనిచ్చే తీర్పంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడింది: తక్కువ ఎరను, సరిగ్గా ఒకే చోట, నెమ్మదిగా పడేలా చేసేదేదో అది మంచి వస్తువు.

అందుకే ముందు గిన్నె సంగతి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో తవుడు నింపిన చిల్లుల సంచుల్ని గెడలకు కట్టడం చూసినవాళ్ళకు దీని సూత్రం వెంటనే తెలుస్తుంది. కుమ్మరించడం కాదు, చిల్లుల్లోంచి కొంచెం కొంచెంగా దిగనివ్వడం. ఇక్కడ మాత్రం సంచి బదులు బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నె, పోల్ కొసకు గట్టిగా పట్టేది. ఇందులో ఆరు నుంచి పది మాగట్ పురుగులు (ఈగ పిల్లపురుగులు) వేసి మూత పెట్టి, బెండు నిలిచే చోటికి పోల్ తోసి, కొసను రెండుసార్లు విదిలిస్తే రెండో మూడో పడతాయి. ఎర గాలం దిగుతుండగా ఇంకో విదిలింపు. ఒక చేప దొరికాకే మళ్ళీ గిన్నె నింపుతాను; దొరకకపోతే పది నిమిషాలు ఆగుతాను. రోజంతటికీ అర పైంటు (పావు లీటరు పైచిలుకు) పురుగులు చాలు. పైంటు తీసుకెళ్తే సగం వెనక్కి వస్తాయి.

గిన్నెతో వచ్చే చిక్కులు రెండు. మొదటిది తడి. పురుగులు చెమ్మగిల్లితే వాటి మీది మొక్కజొన్న పిండి ముద్దయి చిల్లుల్ని మూసేస్తుంది. బయల్దేరేముందు జల్లెడ పట్టి పాత పొట్టు, పిండి తీసేసి, కొత్త పిండి చిటికెడు మాత్రమే చల్లాలి. వాన పడే రోజు డబ్బా మూత తీసి ఉంచితే ఇంకో నష్టం: తడిసిన పురుగులు డబ్బా గోడలెక్కి బయటికి పోతాయి. రెండోది చలి. మంచు పడే పొద్దున్న పురుగులు బిగుసుకుపోయి చిల్లులోంచి వాటంతట అవి రావు. అప్పుడు విదిలించకుండా పోల్ మొదలు దగ్గర అరచేత్తో తట్టాలి; విదిలిస్తే దారం గిన్నెకు చుట్టుకుంటుంది. వాడకానికి ముందు ఓ గుప్పెడు పురుగుల్ని చిన్న డబ్బాలో వేసి కోటు లోపలి జేబులో ఉంచుకుంటే గాలానికి గుచ్చేవైనా చురుగ్గా కదులుతాయి. కదిలే పురుగుకూ కదలని పురుగుకూ చేపల లెక్కలో తేడా స్పష్టంగా కనిపించింది.

ఇక పోల్. నేను వాడేది మధ్యరకం ధర, 13 మీటర్లు. ఇంకో ఒకటిన్నర, మూడు మీటర్ల అదనపు ముక్కలు కూడా కొన్నాను. చలికాలంలో వాటిని పెట్టెలోంచి తీసిన రోజులు చాలా తక్కువ. 16 మీటర్ల దగ్గర గాలికి కొస ఊగితే బెండు కూడా ఊగుతుంది, గిన్నెలోని ఎర అడుగు వెడల్పున చెదురుతుంది. అదే గాలిలో 11.5 మీటర్లకు తగ్గితే గీత గీసినట్టు నిలుస్తుంది. చేప దూరంగా ఉందని తెలిసినప్పుడు తప్ప, నిలకడను దూరానికి బలిపెట్టకండి.

మంచులో పోల్‌కు వచ్చే అసలు సమస్య జాయింట్లు. తడిసిన ముక్క, వెనక పోల్‌ను మోసే రోలర్ మీద ఆగినప్పుడు ఆ తడి గడ్డకట్టి, లోపలి ముక్కతో అతుక్కుంటుంది. మెలిపెట్టి లాగితే కార్బన్ గోడ పగులుతుంది. చెరువు నీరే రెండు చెంబులు జాయింట్ మీద పోస్తే ఊడివస్తుంది, ఎందుకంటే ఆ నీరు గడ్డకట్టిన దానికన్నా వెచ్చన. అంతకన్నా మేలైనది ముందుజాగ్రత్త: ఒళ్ళో పొడి తువ్వాలు పరుచుకుని, పోల్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ దాని మీదుగానే లాగడం. ఇంటికొచ్చాక ముక్కలన్నీ విడదీసి ఆరబెట్టాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా జాయింట్ అరుగుతుంది. ఇంకో మాట, ఇది సరంజామా కన్నా ముఖ్యం: కార్బన్ కరెంటును మోస్తుంది. పైన విద్యుత్ తీగలుంటే 30 మీటర్ల లోపల పోల్ ఎత్తకూడదు.

డబ్బు ఎక్కడ పెట్టాలో అడిగితే టాప్‌కిట్ల (పోల్ కొసన విడదీసి మార్చుకునే ముక్కల) మీద, వాటిలోని ఎలాస్టిక్ మీద పెట్టమంటాను. పోల్‌కు రీల్ ఉండదు కాబట్టి చేప పరుగును భరించేది ఈ రబ్బరే. వేసవిలో వాడే గట్టి ఎలాస్టిక్‌తో చలికాలం చేపను పడితే నోటి అంచున చిక్కిన చిన్న గాలం ఊడొస్తుంది. ముఖ్యంగా ఎఫ్‌వన్‌ల విషయంలో. వాటి నోరు మెత్తన. నేను రెండు కిట్లలో 4 నుంచి 6 రకం బోలు ఎలాస్టిక్, ఇంకో రెండింటిలో 6 నుంచి 8 రకం వేసుకుంటాను. పెద్ద కార్ప్ చిక్కినా పక్కనుంచి లాగే పుల్లర్ ఉంటే మెత్తటి ఎలాస్టిక్‌తోనే తీసుకురావచ్చు: చేప పరుగు ఆగేదాకా వదిలేసి, పోల్ వెనక్కి లాక్కుని, టాప్‌కిట్ విడదీశాక కాస్త కాస్త రబ్బరు లాగి పట్టు బిగించాలి. పుల్లర్ లేకుండా చలికాలం పోటీకి వెళ్ళడం నా దృష్టిలో అనవసరపు సాహసం.

ఎలాస్టిక్ కూడా చలికి బిగుస్తుంది. దుకాణంలో మెత్తగా సాగింది సున్నా డిగ్రీల్లో ఒక అంకె గట్టిదిలా ప్రవర్తిస్తుంది. అందుకే మీరనుకున్న దానికన్నా ఒక మెట్టు మెత్తనిది ఎంచుకోండి. కొసన ఎలాస్టిక్ బయటికొచ్చే బుష్ అనే చిన్న గొట్టంలో నీటి చుక్క గడ్డకడితే అసలు సాగదు. చేప కొట్టగానే దారం తెగుతుంది. ప్రతి రెండు మూడు సార్లకు ఒకసారి కొసను నీళ్ళలో ముంచి, చేత్తో ఒక జానెడు ఎలాస్టిక్ లాగి వదిలి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఎలాస్టిక్‌ను ఎంత బిగువుగా అమర్చాలంటే, లాగి వదిలితే మెల్లగా పూర్తిగా లోపలికి వెళ్ళాలి, టప్పున కొట్టుకోకూడదు. నేను ఏటా అక్టోబరులో మారుస్తాను. కంటికి బాగానే కనిపించినా బుష్ తగిలే చోట, ముడి దగ్గర, సన్నని గాట్లు పడి ఉంటాయి.

దారం, గాలం, బెండు మూడూ కలిపి ఒకటే విషయం. అసలు దారం 0.12 మిల్లీమీటర్లు, గాలం కట్టే కొస దారం 0.10, దాని పొడవు 15 సెంటీమీటర్లు. గాలం 20 నంబరు, ఒక్క పురుగు; చేపలు కాస్త ధైర్యంగా తింటే 18 (అంకె తగ్గితే గాలం పెద్దది). 0.08కి దిగితే ఎరను పట్టే చేపలు ఎక్కువే కానీ పోగొట్టుకునే చేపలూ ఎక్కువే. రోచ్‌లు మాత్రమే ఉన్న చెరువులో తప్ప లాభం లేదు. బెండు 0.2 గ్రాములది, సన్నని ఒళ్ళు, తీగ కాడ, పైన పలచటి ప్లాస్టిక్ కొస. తీగ కాడది గాలిలో నిటారుగా నిలబడుతుంది. కింద 11 నంబరు సీసపు గుళ్ళు సమాన దూరంలో పూసల్లా పేర్చితే పురుగు నెమ్మదిగా జారుతుంది. బలమైన గాలి ఉంటే వాటినే గాలానికి మూరెడు పైన ఒక్కచోటికి నెట్టేయండి.

ఎక్కువమంది చేసే తప్పు బెండు కొస ఎక్కువ బయటికి కనపడేలా వదలడం. చలికాలం చేప పురుగును నోట్లోకి తీసుకుని అక్కడే నిలబడుతుంది. కొస 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పైన ఉంటే ఆ కాస్త కదలికా తెలుస్తుంది. అర సెంటీమీటరు ఉంటే ఏమీ తెలియదు, చేప ఉమ్మేసి పోతుంది. ఇందుకోసం కత్తిరించిన సీసం తునకో, 13 నంబరు గుండో ఒకటి చివర కలిపి సరిచూసుకోవాలి. లోతు కొలవడంలో పది నిమిషాలు పోయినా పర్వాలేదు. కొలత గుండుతో మొదట అడుగు తాకేలా పెట్టి, గంట గడిచినా ఏమీ లేకపోతే అరడుగు పైకి జరపండి. చలిలో కూడా ఎఫ్‌వన్‌లు అడుగుకు ఆనకుండా తేలుతుంటాయి.

పోల్‌తో చేరలేని చోటికి బాంబ్ అనే బరువు గుండు (సీసంతో చేయనిది), బ్రెడ్. ఈ పద్ధతికి నేనిచ్చే మార్కులు చాలా ఎక్కువ, ఎందుకంటే ఇందులో విడిగా ఎర వేయనే అక్కర్లేదు. అంగట్లో దొరికే చవక తెల్ల బ్రెడ్డే మంచిది. 8 మిల్లీమీటర్ల పంచ్‌తో బిళ్ళలు కోసి, మూడు నాలుగింటిని వేళ్ళతో అదిమి గాలం వెనకున్న చిన్న దారానికి గుచ్చాలి. నీళ్ళలో ఉబ్బి, గాలి పట్టి ఉన్నందున అడుగు నుంచి లేచి తేలుతుంది. ఎంత ఎత్తున తేలాలో గాలం దారం పొడవే నిర్ణయిస్తుంది. నేను 50 సెంటీమీటర్లతో మొదలుపెడతాను. గుండు 10 నుంచి 15 గ్రాములు, దారం మీద స్వేచ్ఛగా జారేలా ఉండాలి. బిగించి కట్టడాన్ని చాలా చెరువుల్లో ఒప్పుకోరు, దారం తెగితే చేప గుండును ఈడ్చుకుంటూ తిరుగుతుంది. రాడ్ 10 అడుగులది, అర ఔన్సు మెత్తని కొసతో. ఒక్కచోట 15 నిమిషాలు, లేకపోతే నాలుగు గజాలు పక్కకు. కొస కొద్దిగా అదిరి ఆగితే ముట్టుకోవద్దు, అది చేప ఒళ్ళు దారానికి రాసుకోవడం. కానీ అక్కడ చేపలున్నాయన్న కబురు అదే. చేప నిజంగా ఎరను పట్టితే కొస వంగి అలాగే ఉంటుంది.

బ్రెడ్‌కు గాలి శత్రువు. ముక్కను బయట పెడితే పది నిమిషాల్లో అంచులు ఎండి, బిళ్ళ విసిరేటప్పుడే విడిపోతుంది. సంచిలోంచి ఒక్కో ముక్క తీసి వాడండి. రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటే గోటితో గీకకుండా కొసను నీళ్ళలో ముంచండి.

బట్టల విషయం తొందరగా చెప్పేస్తాను: నీళ్ళు చొరని కోటు, నియోప్రీన్ బూట్లు, వేళ్ళు తెరిచి ఉండే గ్లవ్స్ రెండు జతలు. చేపను తీసేటప్పుడు గ్లవ్స్ తీసి చేతులు తడుపుకోవాలి, చేపను పడుకోబెట్టే చాప కూడా తడపాలి. గడ్డకట్టిన నేల మీద పెడితే చేప పొలుసు, జిగురు ఊడిపోతాయి. పొద్దున్నే చెరువు మీద పలచటి మంచు పొర ఉంటే నిర్వాహకులు ఒప్పుకుంటేనే పగలగొట్టండి. పగిలిన చోటు ఓ గంట నిశ్శబ్దంగానే ఉంటుంది. అందాక బాంబ్ వేసి కూర్చోవడం మేలు.

చేపలు పట్టే చోట్లు రెండు ఎంచుకుని, ఒకటి ఆఖరి గంట దాకా ముట్టకపోవడం నాకు నిలకడగా ఫలితమిచ్చిన ప్రణాళిక. మధ్యాహ్నం రెండింటికి నీరు ఆ రోజుకెల్లా వెచ్చగా ఉంటుంది. ఎర పడని, బెదరని చోటు అప్పుడు కావాలి. అక్కడా ఆరు పురుగులే, గిన్నెలోంచే.

ఆరు శీతాకాలాల్లో అరిగినవి: పోల్ నాలుగో ముక్క జాయింట్ కాస్త వదులైంది, మైనం రాసి నడుపుతున్నాను. పుల్లర్ ప్లాస్టిక్ ఒకటి చలికి పగిలింది. బెండ్లు లెక్క లేదు. గిన్నె రెండోది వాడుతున్నాను, మొదటిది గాలికి కొస మీంచి జారి నీళ్ళలో పడి మునిగిపోయింది. ఎప్పుడూ పెట్టెలో ఇంకోటి ఉంచుకోండి, దానికి అదే కొలత మూతతో సహా.