కారు ఏసీ ఎక్స్‌పాన్షన్ వాల్వ్: మూడు వేసవుల వాడకం తరువాత

ఉద్యోగరీత్యా నేను వారానికి రెండుసార్లు గుంటూరు నుంచి మాచర్లకు కారులో వెళ్తాను. రెంటచింతల మీదుగా ఎండాకాలంలో ప్రయాణించినవారికి ఏసీ ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

మూడేళ్ల క్రితం, బయలుదేరిన అరగంట వరకు చక్కగా పనిచేసే ఏసీ సత్తెనపల్లి దాటేసరికి వేడిగాలి కొట్టేది. బండి ఆపి టీ తాగి వస్తే మళ్లీ చల్లగాలి వచ్చేది. ఒక వర్క్‌షాపులో గ్యాస్ తగ్గిందని రెండుసార్లు నింపినా ఫలితం లేకపోయింది. చివరకు మరో మెకానిక్ పీడనం చూపే గేజులు తగిలించి, వేడిగాలి మొదలయ్యేదాకా ఓపికగా వేచి చూస్తే, తక్కువ పీడనం వైపు ముల్లు సున్నా దరిదాపులకు పడిపోయింది. గ్యాస్‌లో చేరిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని ఇరుకు దారి దగ్గర గడ్డకట్టి అడ్డుపడుతోందని, ఇంజన్ ఆపినప్పుడు ఆ మంచు కరిగిపోతోందని అప్పుడు తెలిసింది. కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటే గాలి వేగమే తగ్గుతుంది. నా కారులో గాలి తగ్గలేదు, చల్లదనం మాత్రమే పోయింది. ఈ తేడాను నేను ముందే గమనించి ఉంటే రెండుసార్లు గ్యాస్ నింపించిన ఖర్చు మిగిలేది.

ఈ వాల్వ్ అరచేతిలో ఇమిడే అల్యూమినియం దిమ్మె. వేడిని బయటకు వదిలే కండెన్సర్ నుంచి అధిక పీడనంతో వచ్చే ద్రవరూపంలోని ఆర్-134ఎ (ఏసీ గ్యాస్) దీని సన్నని ద్వారం దాటగానే పీడనం కోల్పోయి, కొంత అక్కడికక్కడే ఆవిరై బాగా చల్లబడుతుంది. మిగిలిన ద్రవం కాయిల్‌లో మరుగుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. కాయిల్ నుంచి తిరిగివచ్చే ఆవిరి కూడా ఇదే దిమ్మె గుండా పోతుంది. ఆ ఆవిరి మరీ వేడెక్కితే పైనున్న డయాఫ్రం (పలుచని పొర) వంగి, సన్నని కడ్డీతో లోపలి గోళీని నెట్టి ద్వారం పెంచుతుంది. చల్లబడితే స్ప్రింగు దానిని తిరిగి మూస్తుంది. ద్రవం మిగిలి, గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్‌లోకి చేరితే కంప్రెసరే దెబ్బతింటుంది కనుక, కాయిల్ దాటేలోపు ద్రవమంతా ఆవిరయ్యేలా చూడడం దీని బాధ్యత. కొన్ని కార్లలో వాల్వ్‌కు బదులు ఉండే, మారని రంధ్రంతో పనిచేసే ఆరిఫిస్ ట్యూబుకు ఈ సర్దుబాటు లేదు, అందుకే నాకు వాల్వ్ పద్ధతే నచ్చింది.

వాల్వ్‌తో పాటు గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయరు, అతుకుల దగ్గరి ఓ-రింగులు మార్పించి, లోపలి గాలి, తేమ పోయేలా 45 నిమిషాలు వాక్యూమ్ చేయించి, తూకం ప్రకారం గ్యాస్ పట్టించాను. ఆ తరువాత మూడు వేసవుల్లో ఒక్కసారి కూడా దారిలో వేడిగాలి రాలేదు. పిడుగురాళ్లలో లారీల వెనుక నిలిచిపోయినప్పుడు చల్లదనం కాస్త తగ్గుతుంది కానీ, అది కండెన్సర్‌కు గాలి చాలక వచ్చే ఇబ్బంది. ఏసీ ఆపగానే వినిపించే బుస్సుమనే శబ్దం రెండు వైపుల పీడనాలు సమానం కావడం వల్ల వచ్చేదే.

నా కారులో వాల్వ్ ధరకన్నా డాష్‌బోర్డు విప్పిన కూలీ ఎక్కువైంది. కాబట్టి చవక రకం వాల్వ్‌ను, పాత డ్రయరుతో కలిపి బిగిస్తామంటే నేను ఒప్పుకోను.