మాల్టా కూడా అడ్డుపడగలదు: నల్లగొండలో గ్రూప్స్ క్లాసులు

క్లాక్ టవర్ దగ్గర్లోని కోచింగ్ సెంటర్. గది ఇరుకు, ఫ్యాన్ గాలి వెనక బెంచీల దాకా రాదు. అయినా ఇంటర్నేషనల్ రిలేషన్స్ సార్ కోసమే చేరొచ్చు. పాఠం స్పెయిన్‌తో మొదలుపెట్టారు. 1986 జనవరి 1న యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్, ఈయూకి ముందున్న కూటమి) చేరింది, అదే నెల 17న ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకుంది. అప్పటికి మిగతా సభ్యదేశాల్లో చాలావాటికి ఆ సంబంధాలున్నాయి మరి! కూటమిలో చేరితే విదేశాంగ విధానం ఎలా మారుతుందో నాకక్కడే అర్థమైంది. ఇప్పుడు వాణిజ్య ఒప్పందాలు సభ్యదేశాలు విడివిడిగా చేసుకోలేవు, ఈయూనే చేస్తుంది. వేరే దేశంపై ఆంక్షలకు మాత్రం సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. సార్ మ్యాపులో ఈయూలోని బుల్లి దేశం మాల్టాను చిటికెనవేలితో పూర్తిగా కప్పేసి, "ఇది వద్దన్నా ఆగిపోతుంది" అన్నారు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌కు ఒక్క క్లాసే ఇచ్చారు, అది చాలదు. ఇంకో రెండు పెట్టాలి.